అటక మీద చోటు

చెంచురామయ్యకు నలభై తొమ్మిదేళ్లు. చిలకలూరిపేట పక్క పల్లెలో మూడెకరాల మిరప చేను, ఒక పెళ్లాం, ఒక సైకిలు. ఊళ్లో ఇంటికో మోటారుబండి ఉన్న రోజుల్లో ఈయనొక్కడు సైకిలు తొక్కుతాడు. చేలోకి సైకిలు, పేటకు సైకిలు. మిరపకాయ బస్తాలు లారీలో గుంటూరు యార్డుకు పోతే వెనకాల ఈయన సైకిలు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. "పెట్రోలుకు లేకనా చెంచురామయ్యా?" అని అరుగుల మీదివాళ్లు ఎకసెక్కాలాడతారు. అన్నవాళ్లకు నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆ సంగతి వాళ్లనెవరడుగుతారు?

ఆయన ఎందుకు తొక్కుతాడో ఊరికి తెలియదు. పెళ్లాం సుబ్బరావమ్మకూ తెలియదు.

మూడేళ్ల కిందట నల్ల తామరపురుగు వచ్చింది. పూతలో చేరి పువ్వునల్లా మాడ్చింది. వారానికి రెండుసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు, చేను చచ్చింది. మిగిలిన మందు డబ్బా ఒకదాన్ని చెంచురామయ్య ఇంటికి తెచ్చి, వంటింటి అటక మీద ఇత్తడి గంగాళం వెనక దాచాడు. చేను కోసం కాదు. మూడు రోజులు అన్నం ముట్టకుండా అటక వంక చూస్తూ కూర్చున్నాడు. నాలుగో రోజు తెల్లవారి, ఇంక ఇంట్లో ఉంటే చెయ్యి పైకి పోతుందని భయమేసి, డొక్కు సైకిలెక్కి రోడ్డున పడ్డాడు. ఎటు పోతున్నదీ చూసుకోలేదు. పొద్దు వాలేసరికి పొదిలిలో ఉన్నాడు. కాళ్లు చచ్చుపడ్డాయి, కడుపులో ఆకలి మండింది. ఆకలనేది ఒకటుందని ఆ నాలుగు రోజుల్లో అప్పుడే గుర్తొచ్చింది. బస్టాండు దగ్గర ఇడ్లీలు తిని, మర్నాడు తొక్కుకుంటూ ఇంటికొచ్చాడు.

అప్పటినుంచీ తొక్కుతున్నాడు. తొక్కిన రోజు కన్ను అటక వైపు పోదు. తొక్కని రోజు పోతుంది. డబ్బా తీసి పారేయొచ్చు గదా అంటే, దాన్ని చేత్తో తాకాలంటేనే వణుకు.

పేటలో సైకిళ్లు బాగుచేసే నాగూర్ వలి ఈయన తొక్కుడు చూసి ముచ్చటపడ్డాడు. "బాబాయ్, నీ తొక్కుడికి ఈ డొక్కు ఆగదు" అని, ఎవరో కాలేజీ కుర్రాడు వదిలేసిన గేర్ల సైకిలు, కొండలెక్కేది, లావు టైర్లది, బాగుచేసి ఇచ్చాడు. కొండవీడు దగ్గర ఏటా మాఘంలో పందెం జరుగుతుందని చెప్పిందీ వాడే. పొద్దున ఆరింటికి కొండ కింద బయల్దేరి, డొంకలూ కాలువ కట్టలూ రాళ్లబాటలూ పట్టుకుని నూటపది కిలోమీటర్లు తిరిగి, సాయంత్రం ఐదులోపు కొండ మీది జెండా చేరాలి. ఒక్క నిమిషం దాటినా లెక్కలో లేనట్టే.

మొదటి ఏడు చైను తెగింది. రెండో ఏడు ఎండదెబ్బకు కాలువ కట్ట మీద పడిపోయాడు. రెండు రోజులు సెలైన్లు ఎక్కించి ఇంటికి తెచ్చుకున్న సుబ్బరావమ్మ, మూడో ఏడు వలి ఎదుటే తేల్చేసింది.

"ఈసారి టైములోపు వచ్చావా, నీ ఇష్టం, తొక్కుకో. రాలేదా, సైకిలు అటక మీద పడేస్తా. మళ్లీ దించానంటే నా మీద ఒట్టే."

"అటక మీద చోటెక్కడుందే?"

"చేస్తాగా. గంగాళం దించేస్తా."

చెంచురామయ్యకు గంగాళం వెనక డబ్బా కళ్లముందు నిలిచింది. వద్దనాలి. ఎందుకొద్దంటే ఏం చెప్పాలి?

"సైకిలుతోపాటు బాబాయిని కూడా అటకెక్కించు పిన్నీ" అని వలి నవ్వాడు. సుబ్బరావమ్మ కూడా నవ్వింది. మూడో మనిషి నవ్వలేదు.

పందెం ముందురోజు సాయంత్రం మబ్బు కమ్మింది. కళ్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. తడిస్తే రంగు చెడి, పనికిరాని తాలుకాయలకు పోటీ. చెంచురామయ్య భుజం మీది తుండుగుడ్డ ముక్కుకూ మూతికీ బిగించి, చీకటి పడేదాకా కాయలు కుప్పచేసి పట్టాలు కప్పాడు. వాన రాలేదు. మిరప రైతుకు రెండు తుండుగుడ్డలుంటాయి. ఒకటి కళ్లానిది, ఒకటి ఊళ్లోకి కట్టుకెళ్లేది. హడావుడిలో ఆయన మూతికి కట్టింది ఊళ్లోది. తెల్లారుజామున దండెం మీదినుంచి తీసి, నీళ్లలో జాడించి, నెత్తికి చుట్టి పైన టోపీ పెట్టుకుపోయిందీ అదే. ఎన్ని వేల కాయలు ఆరబోసినవాడైనా, జాడిస్తే ఘాటు పోతుందనుకున్నాడు చూడండి, అదీ ఖర్మ.

మధ్యాహ్నం మూడింటిదాకా బాగానే తొక్కాడు. రేగడి డొంకలో గొంతు ఎండిపోయింది, పిక్కలు పట్టేశాయి, అయినా ఆగలేదు. ఇంకో పన్నెండు కిలోమీటర్లుంది. ఇంత మిగులు టైముతో ఎప్పుడూ ఇక్కడికి రాలేదు. చెమట కళ్లలోకి కారితే, తుండుగుడ్డ లాగి మొహం గట్టిగా తుడుచుకున్నాడు.

రెండు కళ్లలో నిప్పు పోసినట్టైంది. సైకిలు గట్టుకు కొట్టుకుని ఒరిగింది. సీసాలో నీళ్లన్నీ మొహాన గుమ్మరించుకున్నాడు. మంట రెండింతలైంది. అయ్యో అని అరిచిన అరుపు పక్క కళ్లంలో కాయలేరుతున్న ఆడవాళ్లకు వినపడింది. ముఠా మేస్త్రి రెబ్కా లేచొచ్చింది. అరవై ఏళ్ల మనిషి, గద్దింపు మనిషి.

"నీళ్లు పోశావా నాయనా? నీళ్లు పోస్తే కారం పోద్దా, ఊరేగుద్ది! ఏ ఊరు నీది?"

చెప్పాడు.

"మిరప్పండించే ఊరోడివేనా! సిగ్గులేదూ?" అంటూనే కూలివాళ్ల ముంతలో మజ్జిగ తెప్పించి, గుడ్డ ముంచి రెప్పల మీద వేసి పడుకోబెట్టింది.

"వదులమ్మా, నాకు టైము లేదు."

"కళ్లుంటేగా టైము చూసేది. కదలమాక."

"వదులమ్మా తల్లీ, నేను పోవాలి. లేకపోతే చచ్చిపోతా."

ఉత్తినే అనే మాట కాదది. ఆ గొంతు విని రెబ్కా ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. మళ్లీ హాస్యమాడలేదు. పది నిమిషాలకోసారి గుడ్డ మారుస్తూ, వేళ్లు పెట్టి రెప్పలు తెరిపించింది. ఎడమ కన్ను సందు తెరుచుకునేసరికి నాలుగు దాటింది.

ఆ సందులోంచే చూస్తూ తొక్కాడు. రాళ్లబాటలో రెండుసార్లు పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. కొండ మొదట్లోకి వచ్చేసరికి పైనుంచి మైకు వినపడుతోంది, వచ్చినవాళ్ల పేర్లు పిలుస్తున్నారు. మైకు మోగుతున్నంతసేపూ ఆశే. ఒక మలుపు ఎక్కాడు. రెండోది ఎక్కాడు. గేరు చివరిదాకా దించినా కాలు తిరగలేదు. దిగి, హ్యాండిలు మీద వాలి తోసుకుంటూ నడిచాడు. మూడో మలుపులో మైకు ఆగిపోయింది. కొండంతా నిశ్శబ్దం. అయినా తోశాడు. ఆగితే అటక తప్ప ఇంకేమీ కనపడటంలేదు.

ఐదో మలుపులో ఎవరో దిగి వస్తున్న చెప్పుల చప్పుడు.

"ఎవరు?"

"నేనే. కళ్లు కూడా పోగొట్టుకున్నావా?" సుబ్బరావమ్మ గొంతు. బస్సెక్కి, ఆటో ఎక్కి వచ్చింది.

"టైమైపోయిందా?"

"అరగంటైంది."

చెంచురామయ్య రోడ్డు మీదే కూలబడ్డాడు. "ఒట్టు పెట్టుకున్నావుగా. తీసుకెళ్లు. పెట్టుకో అటక మీద."

ముప్పై ఏళ్లలో మాటకు మాట బాకీ ఉంచని మనిషి, ఈసారి సైకిలు తీసి రాతికి ఆనించింది.

"పొద్దున ఎక్కాను" అంది. "సైకిలుకు చోటు చేద్దామని. గంగాళం జరిపాను."

ఆయన తల దించుకున్నాడు.

"డబ్బా మూత తీసినట్టు లేదు" అంది ఆవిడ.

"తీయలేదు."

"మూడేళ్లు! దాని కింద కూర్చుని నీకు అన్నం వండానా నేను? తాలింపు వేస్తుంటే నా నెత్తి మీదుందా అది?" వీపు మీద రెండు చేతులతో బాదింది. "నోరు పడిపోయిందా నీకు? అందుకేనా ఈ తొక్కుడు?"

"తొక్కకపోతే కన్ను అటే పోద్ది సుబ్బులూ."

బాదే చేతులు ఆగిపోయాయి.

"ఏం చేశావు దాన్ని?" అని ఆయనే అడిగాడు.

"ఊరవతల పుంతలో గొయ్యి తీసి పూడ్చా. పైన పాత రోలు దొర్లించా. నడుం విరిగింది."

"మరి సైకిలు?"

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టా. లెగు."

"రేపు కూడా అటే చూస్తానేమో."

"చూద్దువుగాని. నేనూ పక్కన కూర్చుంటా. ఖాళీ అటక ఎంతసేపు చూస్తావో చూస్తా." చెయ్యి పట్టి లేపింది.

ఆయన కళ్లలోంచి నీళ్లు కారాయి. కారిన చోటల్లా కారం మళ్లీ రాజుకుంది.

"ఏడవమాక. మండుద్ది" అంది.

మండుతుందని తెలిసీ ఆపుకోలేకపోయాడు. ఆవిడ సైకిలు హ్యాండిలు పట్టుకుంది. ఆయన వెనక సీటు పట్టుకున్నాడు. కళ్లు మూసుకునే, ఆవిడ తీసుకెళ్లినట్టల్లా కొండ దిగాడు.