పుర్రచేతి తోడేలు

మా వాలెన్సియెన్ ఊళ్ళో గోబెర్ అయ్యవారికి నోరూరేది తిండి చూసి కాదు, కబురు చూసి. గుర్రమెక్కినవాడు ఎవడైనా నా సత్రం ముందు దిగితే చాలు, బీరు కూజా పట్టుకుని పక్కన చేరేవాడు. యుద్ధంలో ఎవరు గెలిచారన్నది ఆయనకు చాలదు. గుర్రం ఏ రంగు? వంతెన రాతిదా, చెక్కదా? గొడ్డలి ఏ చేత్తో పట్టాడు? తాను మాత్రం గాడిదెక్కినా కింద పడే మనిషి. దొరల చరిత్ర రాసి, వాళ్ళిచ్చిన కోటుతో చలికాలం గడిపేవాడు.

యుద్ధంలో ఇనుప టోపీల కింద దొరల ముఖాలు కనబడవు కనుక, అంగీ మీద బొమ్మను బట్టే ఫలానా దొర అని చెప్పుకునేవాళ్ళం. ఆకులు రాలే రోజుల్లో అందరి నోటా ఒకటే మాట. ఎర్ర తోడేలు అంగీ తొడిగిన మోర్లెన్ దొర, తన సైన్యమంతా ఏరు దాటేదాకా వంతెన మీద ఒంటరిగా నిలబడ్డాడట, నీళ్ళలో పడ్డాడట, మర్నాడు బతికి వచ్చాడట. దేవుడి మహిమ అన్నారు. గోబెర్ ఆ యుద్ధం చూసిన విలుకాడిని నా సత్రంలో కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడిగాడు. గొడ్డలి ఎడమచేత్తో తిప్పాడని అతను చెప్పాడు.

పొయ్యి దగ్గర బఠాణీలు ఒలుస్తున్న మా పనిమనిషి ఇజబెల్ చేతులు ఆగిపోయాయి. ఆమె కొడుకు కొలెన్ ఆ దొర ఆయుధాలు మోసేవాడు. యుద్ధంలోంచి పారిపోయాడని దొర మనుషులే కబురు పంపారు. అప్పటినుంచి చర్చిలో ఆమె పక్కన నిలబడేవాళ్ళే లేరు.

"మావాడిది పుర్రచెయ్యి, అయ్యవారూ," అంది. "మాన్పించాలని ఆ చేతిమీద ఎన్ని దెబ్బలేశానో."

కొన్నాళ్ళకు దొరే వచ్చాడు, తన కథ చదివించుకుని వినడానికి. బహుమతిగా నక్కతోలు కోటు తెచ్చాడు. గోబెర్ చదవలేదు. నిండు కప్పు అందించాడు. దొర కుడిచేత్తో అందుకున్నాడు.

"దొరగారూ, వంతెన మీద గొడ్డలి ఏ చేత్తో పట్టారు?"

"ఇదేం ప్రశ్నయ్యా? ఈ చేత్తోనే."

"చూసినవాడు ఎడమ అంటున్నాడు. అంగీ తమదే. లోపల మనిషెవరు?"

దొర ముఖం కందగడ్డయింది. గోబెర్ తల ఇంక మెడ మీద ఉండదనుకున్నాను. శత్రువులు తనకోసమే వెతుకుతున్నారనీ, అంగీలు మార్చుకోవడం దొరలందరూ చేసేదేననీ దొర గొణిగాడు.

"తప్పని నేననలేదు. పేరు అడిగాను."

"మోతవాడి పేరు చరిత్రలో ఎందుకు?" అని దొర లేచి వెళ్ళిపోయాడు. కోటు కూడా ఆయనతోనే వెళ్ళింది.

ఆదివారం గోబెర్ చలికి పళ్ళు కొట్టుకుంటూ వంతెన మీద నిలబడి ఏట్లో పోయింది కొలెనేనని రాసిన పుట చర్చిలో చదివాడు. జనం ఇజబెల్ చుట్టూ చేరారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం అందరినీ తోసుకుని గోబెర్ దగ్గరికి వెళ్ళి, కొడుకు పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాడు.

"ఇంత చిన్నదా?"

"దొరగారిదీ అంతేనమ్మా."