జుట్టు నింపిన బంతి

నా చిన్నప్పుడు నాకు ఇద్దరు శత్రువులు ఉండేవారు. ఒకడు నా క్లాసులోనే చదివే ఎర్రజుట్టు పిల్లాడు. రెండో శత్రువు మా పక్కింటి చైనా ముసలాయన. బస్సులు తిరిగే పెద్దవీధిలో ఆయనకి ఒక చిన్న సెలూన్ ఉండేది. పదేళ్ల పిల్లకి ఇద్దరు శత్రువులంటే ఎక్కువేననుకోండి. కానీ అప్పటి బర్నబీలో, ఆ పరాయిదేశపు ఊళ్లో, మాకు స్నేహితులు దొరకడమే గగనంగా ఉండేది. శత్రువులు మాత్రం వెతుక్కోకుండానే దొరికారు.

మా నాన్నగారికి కొండమీది యూనివర్సిటీలో ఉద్యోగం. బందరు నుంచి వచ్చిన మాకు ఇక్కడి ముసురు ఎంతకీ అలవాటు కాలేదు. ఆ ముసురులోనే మా అమ్మ రోజూ పొద్దున్నే నన్ను ముందు కూర్చోబెట్టుకుని, తలకి కొబ్బరినూనె పట్టించి, నడుము దాటిన జుట్టుని బిగించి జడ అల్లి, చివర ఎర్ర రిబ్బను కట్టి బడికి పంపేది. ఊరుకాని ఊళ్లో ఆవిడకి నా జడ ఒక్కటే గొప్ప. ఎర్రజుట్టువాడు నా వెనక బెంచీలో కూర్చుని దాన్ని లాగుతుండేవాడు. ఒకరోజు బడిలో నర్సు అందరి తలలూ చూసింది. పేలు నా తలలోనూ ఉన్నాయి, ఇంకా కొందరి తలల్లోనూ ఉన్నాయి. కానీ అందరికీ కనబడేది నా జడే. ఆ రోజు నుంచి వాడు నాకు 'పేలజడ' అని పేరు పెట్టాడు. మైదానంలో ఫుట్‌బాల్ ఆడుతుంటే బంతి పొరపాటున నాకు తగిలినా దాన్ని గడ్డికేసి తుడిచి మళ్లీ ఆడేవాళ్లు.

పేలు పోయేదాకా పిల్లని పంపొద్దని బడి నుంచి ఇంటికి ఫోన్ వచ్చింది. మా అమ్మకి మండిపోయింది.

"పేలు పడని తల ఎక్కడైనా ఉంటుందాండీ? పేల దువ్వెనతో నేను తీసేస్తాగా," అంది.

"అన్నాళ్లు స్కూల్ మానేస్తే ఎలా? కట్ చేయించేద్దాం. హెయిరే కదా, మళ్లీ పెరుగుతుంది," అన్నారు నాన్నగారు.

నేను రానంటే రానని ఇంగ్లీషులో అరిచాను. నన్నెవరూ అడగలేదు కాబట్టి నాకెవరూ జవాబూ చెప్పలేదు.

పక్కింటి ముసలాయన సెలూన్‌కే తీసుకెళ్లారు. కుర్చీ చేతుల మీద ఒక చెక్క వేసి నన్ను దానిమీద కూర్చోబెట్టి, మెడ దగ్గర కత్తెర పెట్టాడాయన. కరకరమని చప్పుడు, తరవాత తల తేలికైపోవడం, ఇప్పటికీ గుర్తున్నాయి. రిబ్బనుతో సహా నా జడ ఆయన చేతిలో వేలాడుతోంది. సవరానికైనా పనికొస్తుందని మా అమ్మ చెయ్యి చాపింది. "పేలజడ ఇంట్లోకెందుకు, వదిలెయ్," అన్నారు నాన్నగారు. ఆ పిల్లాడి మాట మా నాన్నగారి నోటి నుంచి వచ్చింది. తండ్రి మీద పగ పెట్టుకుంటే అదే ఇంట్లో అన్నం తినడం కష్టం. అందుకని ఆ పగంతా తీసుకెళ్లి కత్తెర పట్టుకున్నవాడి మీద పెట్టాను.

నా ఏడుపు మాన్పించడానికి నాన్నగారు అసలుసిసలు తోలు ఫుట్‌బాల్ కొనుక్కొచ్చారు. నాతో ఆడేవాళ్లు లేరని ఆయనకి తట్టలేదు. నాకు మాత్రం దానితో చేయాల్సిన పనేమిటో వెంటనే తట్టింది. వేసవి సెలవులు మొదలయ్యాయి. మా పెరటికీ ముసలాయన పెరటికీ మధ్య చెక్కల కంచె. కంచె అవతల ఆయన ప్రాణంగా పెంచుకునే ఉల్లికాడల మడి. గురిచూసి తన్నేదాన్ని. మొదట్లో ఆయన బంతి తిరిగి విసిరేసేవాడు. తరవాత తిట్టి విసిరేవాడు. ఒకరోజు బంతి పట్టుకుని వెనక మెట్టు మీద తీరిగ్గా కూర్చున్నాడు. మంగలికత్తి తెరిచి, నా కళ్లలోకి చూస్తూ, బంతి కడుపు చీరేశాడు. లోపలి రబ్బరు తిత్తిని పీకి చెత్తడబ్బాలో పడేశాడు.

నేను పెట్టిన కేకకి మా అమ్మ పరుగెత్తుకొచ్చింది. జడ దగ్గర్నుంచి ఆవిడ కడుపులో ఉన్నదంతా ఆ పూట కంచె మీద నుంచి తెలుగులో కుమ్మరించింది. ఆయన తన భాషలో అంతకు తగ్గకుండా బదులిచ్చాడు. ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా ఎక్కడా తడబడకుండా చాలాసేపు తిట్టుకున్నారు.

మర్నాడు బంతి దానంతటదే కంచె దాటి వచ్చి నా కాళ్ల దగ్గర దబ్బుమని పడింది. పడిన చోటే ఉంది, దొర్లలేదు. చీరిన చోట లావుపాటి దారంతో దగ్గర దగ్గరగా కుట్లు వేసి ఉన్నాయి. లోపల ఏదో గట్టిగా కూరినట్టుంది. పుల్లటి వెనిగర్ వాసన. ఎత్తి ఆయన మొహాన కొడదామని కంచె దగ్గరికి వెళ్లాను.

"ఇంక నా మడిలోకి రాదు," అన్నాడు ముసలాయన తనకొచ్చిన ఇంగ్లీషులో. తరవాత, అసలు బంతి అంటే ఇదేననీ, తన దేశంలో వేల ఏళ్ల క్రితం పైన తోలు, లోపల జుట్టు పెట్టి కుట్టేవారనీ చెప్పాడు. ఆ ఆటని ఆయన 'చుక్ గుక్' అనేవాడు. పుస్తకాల్లో దాన్ని 'సుజు' అని రాస్తారని నాకు చాలా కాలం తరవాత తెలిసింది. పూర్వం ఒక చక్రవర్తి తన శత్రువుని చంపి, వాడి పొట్ట తీసి, అందులో జుట్టు కూరి, దాన్ని తన్నమని సైనికులకి ఇచ్చాడట. ఎక్కువ తన్నినవాడికి బహుమానమట. ఇదంతా పాల లెక్క చెప్పినంత మామూలుగా చెప్పి, నీ శత్రువెవరని అడిగాడు. నువ్వేనని చెప్పాలనిపించింది గాని ఆయన వృత్తి గుర్తొచ్చింది. ఎర్రజుట్టు పిల్లాడి సంగతి చెప్పాను.

"వాడా? వాడి జుట్టు ఇందులోనే ఉంది. వాళ్ల నాన్న వాణ్ణి నా దగ్గరికే తీసుకొస్తాడు. తన్ను," అన్నాడు.

ఆ వేసవంతా తన్నాను. వాడి ముక్కుని, వాడి నవ్వుని, వాడు పెట్టిన పేరుని పేరుపేరునా తన్నాను. ఎగరని బంతిని ఎగరేయాలంటే పాదం దాని కిందికి పోవాలి. మొదట్లో వేళ్లు వాచిపోయేవి. ముసలాయన మెట్టు మీద సిగరెట్ కాలుస్తూ నా ఆట చూసి విసుక్కునేవాడు. ఆయన నోట ఒక్క మంచిమాట రాలేదు. చెయ్యి తగిలితే, చుక్ గుక్‌లో చేతికి పని లేదు, చేతులు కావాలంటే అంట్లు తోముకో అనేవాడు. కిందపడితే, రాజుగారి అంతఃపురంలో ఆడవాళ్లు కూడా ఆడేవాళ్లు, నీలా కుంటివాళ్లు కాదు అనేవాడు. రానురాను తిత్తిలో గాలి ఊది బంతిని తేలిక చేశారట. ఎత్తయిన గుంజల మధ్య వల కట్టి, వల మధ్య ఒకే ఒక్క కన్నం పెట్టి, అందులోంచి బంతిని అవతలికి పంపేవారట. ఓడిన జట్టు నాయకుడి మొహానికి తెల్లపొడి పులిమి కొరడాతో కొట్టేవారట. చివరికి ఒక రాజుకి ఒళ్లు మండి, ఇకమీద ఆడే సైనికుల కాళ్లు నరకమన్నాడట. ఇది చెప్పేటప్పుడు ముసలాయన నా కాళ్లకేసి చూసేవాడు. ప్రాచీన చరిత్ర ఎవరికైనా పాఠంగా వస్తుంది, నాకు మాత్రం బెదిరింపులుగా వచ్చింది.

సెలవులు అయ్యేసరికి బంతి నా పాదం మీద నుంచి మోకాలికీ, మోకాలి నుంచి భుజానికీ, మళ్లీ పాదానికీ నేను చెప్పినట్టు తిరిగేది. నాకు కావలసింది అది కాదు. బడి తెరిచిన రోజు అందరి ముందూ బంతి ఆడించాలి, అందరూ చుట్టూ చేరాక వాడితో "నేనింతసేపూ తన్నింది నీ జుట్టునే" అని చెప్పాలి. పేలజడ అన్న పేరు ఆ దెబ్బతో పోవాలి. ఆ ఒక్క మాట కోసం వేసవంతా బతికాను.

అనుకున్నట్టే అందరూ చేరారు. బంతి కింద పడకపోవడం చూసి కొందరు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఎర్రజుట్టువాడికి అది నచ్చలేదు. మధ్యలో దూరి బంతి లాక్కుని, నేలమీద పెట్టి, దూరం నుంచి పరుగెత్తుకొచ్చి బలంకొద్దీ తన్నాడు. బంతి కాస్త దూరమే వెళ్లింది. వాడు మాత్రం కాలు పట్టుకుని గెంతాడు. అప్పటివరకు నా జీవితంలో అంతటి సంతోషం ఎరగను. పైగా ఆ దెబ్బకి బంతి కుట్లు తెగాయి. ఇంకేం కావాలి, వాడి ఎర్రజుట్టుని వాడికే చూపిద్దామని పరుగెత్తి, చీలికలో వేళ్లు పెట్టి అందినంత లాగాను.

నల్లటి జడ బయటికొచ్చింది. పేలు చావాలని వెనిగర్‌లో ముంచి, చుట్టలు చుట్టి కూరిన నా జడ. చివర మా అమ్మ కట్టిన ఎర్ర రిబ్బను అలాగే ఉంది.

పేలజడ మళ్లీ వచ్చిందని వాడు అరిచాడు. లెక్కపెట్టిన పిల్లలే పగలబడి నవ్వారు. బంతి ముట్టుకున్న ఒకడు చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. ఆ రోజు బడి ఎలా గడిచిందో గుర్తులేదు. వదిలీ వదలగానే జడ పట్టుకుని సెలూన్‌కి వెళ్లాను. ముసలాయన గిరాకీలు కూర్చునే కుర్చీలో తనే కూర్చుని పేపర్ చదువుకుంటున్నాడు. జడ ఆయన ఒళ్లోకి విసిరి, నువ్వు అబద్ధాలకోరువి అన్నాను.

"అవును, అబద్ధమే చెప్పాను. తెల్లవాళ్లు నా కుర్చీలో కూర్చోరు. వాడి జుట్టు నాకెక్కడ దొరుకుతుంది?" అన్నాడు.

అప్పుడు మొదటిసారి ఆ గది నేలకేసి చూశాను. మూలకి ఊడ్చిన జుట్టంతా నల్లగా ఉంది, మధ్యలో కొంచెం తెలుపు. ఇంకే రంగూ లేదు.

"నీ జడే అని చెబితే తన్నేదానివా?"

లేదన్నాను.

"శత్రువుదంటే వేసవంతా తన్నావు. నేనూ అలాగే, శత్రువునే తంతున్నాననుకుంటూ ముసలివాణ్ణయ్యాను," అన్నాడు. జడ నా చేతికిచ్చి, పేపర్ తీసుకున్నాడు. "ఇంక పో. వెళ్తూ తలుపు వెయ్యి, ఈగలొస్తాయి."

ఓదార్పు మాట ఒక్కటైనా వస్తుందేమోనని గుమ్మంలో కాసేపు నిలబడ్డాను. రాలేదు. తలుపు దభాలున వేసి వచ్చేశాను.

ఇంట్లో మా అమ్మ జడని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. సవరం కట్టించి దాస్తానంది. నేను ఒప్పుకోలేదు, మళ్లీ బంతిలోనే పెట్టి కుట్టమన్నాను. దబ్బనం గుచ్చిన ప్రతిసారీ ఆవిడ ముసలాయన్ని ఒక తిట్టు తిట్టింది. మర్నాడు బంతి తీసుకుని బడికి వెళ్లి, మైదానంలో ఒక మూల నిలబడి ఆడాను. ఎర్రజుట్టువాడు మళ్లీ పేలజడ అని పిలిచాడు. పిలిస్తే పిలిచాడు, బంతి కింద పడలేదు. వాళ్ల జట్టులో నన్ను చేర్చుకోలేదు, నేను అడగనూ లేదు. బంతిలో ఉన్నది ఎవరి జుట్టో తెలిసి తన్నడం అదే మొదటిసారి. ఎందుకో ఆ రోజు వేళ్లు నొప్పి పుట్టలేదు.

పెద్దయ్యాక, ముసలాయన చెప్పినవన్నీ కోతలని రుజువు చేద్దామన్న కక్షతోనే లైబ్రరీలో పుస్తకాలు తిరగేశాను. శత్రువు పొట్ట కథ పురాణం వంటిదట. జుట్టు నింపిన బంతి, అంతఃపురం ఆడవాళ్లు, వలలో కన్నం, తెల్లపొడి, కాళ్లు నరికే ఆజ్ఞ, అన్నీ దొరికాయి. ఆయన నాతో ఆడిన అబద్ధం ఒక్కటే. మేం ఇల్లు మారేదాకా ఆయనా నేనూ కంచె దగ్గర తిట్టుకుంటూనే ఉన్నాం. ఆయన్ని క్షమించానని చెప్పను. ఆ జడ నాది.

నాకిప్పటికీ శత్రువులు తక్కువేమీ కాదు. మా బిల్డింగ్ మీటింగుల్లో పార్కింగ్ కోసం నా మీద ఇంతెత్తున లేచే ఆయన ఒకడున్నాడు. నా యాసని వెక్కిరించే ఆవిడ ఒకతె ఉంది. వాళ్ల మీద కోపం వస్తే కుర్చీ కింద నా కుడిపాదం ఇప్పటికీ దానంతటదే కదులుతుంది. తన్నడం నేను మానలేదు. కాకపోతే ముందు కుట్లు విప్పి లోపల ఎవరి జుట్టుందో చూసుకుంటాను. చాలాసార్లు నా జడే ఉంటుంది. ఈ మధ్య అది తెల్లబడింది కూడా.