బటన్ బుగ్గల్లో నా బంగారం

నా మొగుడు నాకు మిగిల్చి పోయిన బంగారమంతా తీసుకెళ్ళి ఒక ఎలుక నోటికి అందించినదాన్ని నేను. నవ్వండి, పర్వాలేదు. మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. చెప్పడం నా వంతు, రాయడం మా అమ్మాయి సరోజ వంతు. అదేమో మాటకోసారి కలం కింద పెట్టి కడుపు పట్టుకుంటోంది.

బంగారమంటే కాసులపేరు కాదు లెండి. ఆయన పోయాక నా మెడలోంచి తీసిన తాడుకున్న గుండ్లు రెండు. బఠాణీ గింజంతేసి ఉంటాయి. వాటిని గుడ్డపీలికలో మూటగట్టి, బొడ్లో దోపుకుని, సముద్రాలు దాటి మిషిగన్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చాను. ట్రాయ్ అనే ఆ ఊళ్ళో చలికాలం వస్తే నా ముక్కు ఉందో ఊడిందో తెలిసేది కాదు. ఆ మూట ఉందో లేదో మాత్రం తడుముకుంటూనే ఉండేదాన్ని.

ఎనభైల మొదట్లో మాట. మనవరాలు లత మూడో క్లాసు. వాళ్ళ బడి గదిలో ఒక జంతువును పెంచుతారు, సెలవులకి ఎవరో ఒక పిల్ల దాన్ని ఇంటికి తీసుకెళ్ళి చూసుకోవాలి. ఆ క్రిస్మస్‌కి మా లత వంతొచ్చింది.

"అమ్మమ్మా, చూడు! హామ్‌స్టర్! పేరు బటన్!"

"ఎలుకను ఇంట్లోకి తేవడమే కాక దానికి పేరు కూడానా? మన ఊళ్ళో వీటికి బోను పెడతామే తల్లీ!"

"ఎలుక కాదు అమ్మమ్మా! టెయిల్ చూడు, అసలు లేదు!"

పంజరంలోకి వంగి చూశాను. అంతే, లేవబుద్ధి కాలేదు. తేనెరంగు బొచ్చు, మిరియాల్లాంటి కళ్ళు. ముందరివి కాళ్ళనడానికి నాకు నోరు రాలేదు. చేతులే అవి, వేళ్ళతో సహా! గింజను పట్టుకుని, తిప్పి తిప్పి చూసి, పొట్టు ఒలుచుకుని మరీ తింటోంది. దేవుడు ఏనుగును చేశాక చేతికంటిన మట్టి మిగిలితే, దాంతో తీరిగ్గా కూర్చుని చేసినట్టుంది.

మర్నాడు సరోజా, అల్లుడూ ఆఫీసులకి పోయారు. లత టీవీ ముందు కూర్చుంది. పాపం, పరాయి ఇంటికొచ్చిన జీవం కదా అని బటన్ గిన్నెలో గుప్పెడు వేయించిన శనగలు పోసి, పప్పులో పోపు పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. వచ్చి చూద్దును కదా, గిన్నె ఖాళీ! బటన్ మొహమా, పూరీలా పొంగింది! రెండు దవడలూ ఉబ్బి, కళ్ళు చెరోపక్కకీ తోసుకుపోయి, నోరు కదపకుండా నాకేసి చూస్తోంది.

"ఓరి నాయనో! గవదబిళ్ళలు!" అన్నాను.

మీరైతే ఏమనుకునేవాళ్ళు? దవడలు వాస్తే గవదబిళ్ళలు కాక పెళ్ళికళ అంటారా? మా వైపు గవదబిళ్ళలొస్తే మెడలో బంగారు గొలుసు వేస్తారు. బంగారం ఒంటికి తగిలితే వాపు దిగుతుంది. మా అమ్మ నాకు వేసింది, నేను సరోజకు వేశాను, ఇద్దరికీ తగ్గింది. అది లేకపోయినా తగ్గేదేనంటారు డాక్టర్లు. డాక్టర్లకేం, ఏమైనా అంటారు.

బళ్ళో జంతువు మా ఇంట్లో చచ్చిందంటే పిల్ల మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? మూట విప్పాను. గుండ్లు పసుపుదారానికి ఎక్కించి, బటన్ మెడ ఎక్కడుందా అని వెతకడం మొదలెట్టాను. బుగ్గ అయిపోగానే పొట్ట వచ్చేస్తోంది, మధ్యలో మెడన్నదే లేదు. నా వేలు కసుక్కున కొరికింది.

"నీ జిమ్మడిపోను! వైద్యం చేస్తుంటే కొరుకుతావటే?"

నేను వేలు విదిలించడంలో గుండ్లు రెండూ దారంలోంచి జారి పంజరంలో పడ్డాయి. బటన్ ఒకదాన్ని చేతుల్లోకి తీసుకుంది. కంసాలిలా తిప్పి చూసింది. నోట్లో వేసుకుంది. నేను చెయ్యి పెట్టేలోగా రెండోదీ లోపలికి పోయింది.

నేను పెట్టిన కేకకి లత పరిగెత్తుకొచ్చింది.

"మింగేసిందే! మీ తాతను మింగేసిందే!"

"తాతనా?"

"తాత గుండ్లే! మళ్ళీ చేయిస్తే వచ్చేవి కావే అవి!"

"బటన్‌కి గోల్డ్ ఎందుకు పెట్టావ్?"

"గవదబిళ్ళలకే!"

"అంటే ఏంటి?" అని అది ఏడుపు లంకించుకుంది.

"తలకిందులు చేసి దులుపుదామా?"

"నో, అమ్మమ్మా! బ్రీత్ చెయ్యలేడు!"

ఈ గోలకి పక్కింటి సల్మా మంచులో చెప్పులతోనే పరిగెత్తుకొచ్చింది. సిరియా దేశపు ఆవిడ, నా ఈడుదే. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకు రాదు, ఇద్దరికీ మధ్య లతే వంతెన. సంగతి విని, బటన్‌ను చూసి, నవ్వు ఆపుకోలేక కుర్చీ లాక్కుని కూలబడింది.

"ఏమంటోందే?"

లత కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "ఆంటీ వాళ్ళ కంట్రీలో ఇవి పొలంలో ఉంటాయంట. వాళ్ళు దాన్ని... బ్యాగ్స్ ఉన్న ఫాదర్ అంటారంట."

"ఏం తండ్రే?"

సల్మా లేచి, గాడిద నడక నడిచి, వీపుకి అటూ ఇటూ బరువు వేలాడుతున్నట్టు చేతులు చూపించింది. అప్పుడు వెలిగింది. కంట్లాలు! మా వైపు ఎద్దు వీపున అటొకటి ఇటొకటి వేలాడేసే జంట సంచులు!

"ఓ!" అంది లత. "మా టీచర్ కూడా చెప్పింది. హామ్‌స్టర్ అంటే జర్మన్ వాళ్ళకి దాచుకునేవాడు అని. ఫర్గాట్!"

ఒక దేశంవాళ్ళు సంచులు చూసి పేరు పెట్టారు. ఇంకో దేశంవాళ్ళు అందులో సరుకు చూసి పెట్టారు. నేనొక్కదాన్నే జబ్బు చూశాను.

పంజరం మీద తువ్వాలు సగం కప్పి, చప్పుడు చెయ్యకుండా కూర్చోమని సల్మా సైగ చేసింది. ముగ్గురం నేలమీద చతికిలబడ్డాం. లోపల ఏం అరిగిందో, ఏం కరిగిందో!

కాసేపటికి బటన్ మూలకి నడిచింది. రెండు చేతులూ భుజాల దగ్గర ఆనించి, బుగ్గల్ని ముందుకు నొక్కింది. శనగగింజ రాలింది. మళ్ళీ నొక్కింది, ఇంకోటి. ఇంకోటి. అమ్మమ్మమ్మ! బుగ్గలు కావవి, భుజాల దాకా తవ్విన పాతర్లు! రాశి చూస్తే దాని తలకాయకంటే పెద్దది. ఒక్క గింజ మీదా పంటిగాటు లేదు. తాళం లేదు, గొళ్ళెం లేదు, కాపలా లేదు, ఇంత సరుకు ఒంటిమీదే మోసుకు తిరుగుతోంది. నా వేలి కాటు సంగతే మర్చిపోయి నోరు వెళ్ళబెట్టాను.

ఆఖర్న తళుక్కుమంటూ ఒక గుండు. దాని వెనకే రెండోది.

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. నేను ఎలుకను తవ్వి బంగారం పట్టాను! చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. బటన్ మాత్రం గుండ్లను ఒకసారి వాసన చూసి, వెనక్కాలితో ఇవతలకి తన్నేసి, శనగలు సర్దుకోవడంలో పడింది.

వాటిని పసుపునీళ్ళతో కడిగి, వాటిమీదే చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: ఈ కట్టె కాలేదాకా, బుగ్గ వాచింది మనిషైనా జంతువైనా, నోరు తెరిపించి చూడందే వైద్యం చెయ్యను!

ఒట్టు తప్పలేదు. సంక్రాంతి దాటాక అల్లుడు పన్ను పీకించుకుని, దవడ బూరెలా వాచి ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే చేతులడ్డం పెట్టి ఆపేశాను.

"బాబూ, మరోలా అనుకోకండి. ముందు నోట్లో ఏముందో ఇక్కడ పెట్టేసి లోపలికి రండి."