పుట్టి ముట్టని గాలయ్య

మెదక్ కోట కింది బెస్తగల్లీలో నర్సింగం మంచి ఈతగాడే. ఖర్మేమిటంటే, అదే గల్లీలో గాలయ్య కూడా పుట్టాడు. వరుసకు తమ్ముడు, వయసులో మూడేళ్లు చిన్న.

నిండిన పోచారం చెరువును కట్ట నుంచి ఎగువ ఒడ్డుకూ, అక్కడి నుంచి మళ్లీ కట్టకూ ఆగకుండా ఈదినవాడు అంతకుముందు లేడు. గాలయ్య ఈదాడు. ఒంటికి కుసుమ నూనె పూసుకుని పొద్దు పొడుపున దిగితే, బయటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. పక్కన బుట్టపడవ, అదే పుట్టి, నడిపింది నర్సింగమే. అలిసిపోయి పుట్టి అంచు ముట్టాడా, ఆ ఈత చెల్లదు. అది బెస్తల కట్టుబాటు. తెడ్డు వేసినంతసేపూ నర్సింగం కళ్లు గాలయ్య చేతుల మీదే. ముట్టు, ఒక్కసారి ముట్టు అని లోపల మొక్కుకుంటూనే ఉన్నాడు పెద్దమనిషి. గాలయ్య ముట్టలేదు.

ఆ తర్వాత రేగోడ్ నుంచీ టేక్మాల్ నుంచీ జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు చూడ్డానికి. పూలదండలు గాలయ్యకు, రెక్కల నొప్పులు నర్సింగానికి. భార్య బాలలక్ష్మి "గాలయ్యకు జర చాపల పులుసు పంపుదునా?" అంటే చాలు, నర్సింగానికి ముద్ద దిగేది కాదు. గాలయ్య ప్రతిసారీ తడి ఒంటితో వచ్చి "ఈత ఎట్లున్నదే అన్నా?" అని అడిగేవాడు.

"ఏదో ఉన్నది తియ్" అనేవాడు నర్సింగం. అంతకుమించి ఒక్క మంచి మాట ఏనాడూ రాలేదు.

నిజాం సర్కారు మీద ఊళ్లలో సంఘం లేచిన రోజులవి. చెరువు అవతలి అడవిలో దాక్కున్న సంఘం వాళ్లకు ఎవరో చీటీలు చేరవేస్తున్నారని ఠాణా పెద్ద అమీను పుట్లన్నీ గుంజుకున్నాడు. అయినా చీటీలు ఆగలేదు. నర్సింగాన్ని ఠాణాకు పిలిపించి, పుట్టి లేకుండా చెరువు దాటేవాడెవడని అడిగాడు.

"గాలయ్య ఒక్కడే సర్కార్. అసుంటి ఈతగాడు ఈ జిల్లాల లేడు."

గాలయ్యకు ఆ చీటీలతో సంబంధం లేదని నర్సింగానికి తెలుసు. ఆ మాట మాత్రం చెప్పలేదు.

అమీను పట్టుకుపోయిన గాలయ్యను పోలీస్ యాక్షన్ అయ్యాక, దసరాకు ముందు వదిలారు. ఠాణాలో కుడి భుజం విరిచేశారు. చెయ్యి చెవి దాకా కూడా లేవడం లేదు. ఇక చెరువంతా నర్సింగానిదే. గాలయ్య మాత్రం తిన్నగా నర్సింగం ఇంటికే వచ్చాడు.

"నా పేరు నువ్వే చెప్పినవట గద అన్నా."

నర్సింగం ముందున్న వలను దగ్గరికి లాక్కుని చిక్కులు విప్పసాగాడు.

"అమీను చెప్పిండు. నా అసుంటి ఈతగాడు జిల్లాల లేడన్నవట. ఆళ్లు కొడుతుంటె గదే మాట యాది చేసుకున్న. ఇన్నేండ్లకు అన్నవు."

గాలయ్య నవ్వి, బాలలక్ష్మి ఇచ్చిన చెంబును ఎడమ చేత్తో అందుకున్నాడు.

కాళ్ల మీద పడి ఏడవాల్సింది నర్సింగం. ఏడుపు రాలేదు. ఇంత జరిగాక కూడా, మనసులో ఏమీ పెట్టుకోకుండా తన ఇంట్లోనే మంచినీళ్లు తాగుతున్న ఆ మనిషిని చూస్తుంటే, ఎప్పటిలాగే అతనికి ఒళ్లంతా కుళ్లుతో మండిపోయింది.