సుగ్గికి పోయే పిల్లవాడి షరతు

బాలల ప్రొబేషన్ నిబంధనలు మారాయని కర్నూలులో వకీళ్లకు తరగతులు పెట్టారు. బడి మొహం సరిగా చూడకుండా, ఆఫీసు పుస్తకాలతోనే చట్టం నేర్చుకున్న గుమాస్తాను నేను. మా వకీలమ్మ వెంట వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. పిల్లవాణ్ని ఇంటికి వదిలేటప్పుడు కోర్టు పెట్టే షరతు ఒప్పుకునే ముందు ఆ ఇంటి బతుకు అడగమని అక్కడ చెప్పారు. ఇన్నేళ్లూ అట్లా అడిగిన వకీళ్లు లేరు. అన్నిటికీ "సరే సార్" అనేసి, పిల్లవాడు షరతు తప్పాక వాడినే తిట్టేవాళ్లు. అట్లా బాలల హోముకు పోయినవాళ్లను చాలామందిని చూశాను.

ఆ వారమే ఆదోని దిక్కు పిల్లవాడి మీద సైకిల్ దొంగతనం కేసు వచ్చింది. ప్రతి సోమవారం కర్నూలు వచ్చి ప్రొబేషన్ అధికారికి కనబడాలన్నది షరతు. కోర్టు వరండాలో వకీలమ్మ అది చెబితే పిల్లవాడి తల్లి తలూపింది.

"సుగ్గికి పోతాండారామ్మా?" అని వకీలమ్మ అడిగింది. సుగ్గి అంటే ఊరు ఊరే ఇళ్లకు తాళాలేసి మిరపకోతలకు గుంటూరు వైపు వలస పోవడం.

"పోకుంటే ఎట్ల తల్లీ? వచ్చే వారమే."

"మరి పిల్లోడు?"

"వాన్ని యాడ ఇడ్సిపోవల్ల? మాతోనే."

"సోమవారం సోమవారం వస్తాడని తలూపితివే!"

"కోర్టులో కాదంటే కోపం సేసుకోరా?"

వకీలమ్మ లోపల కోర్టు హాల్లో ఆ సంగతే చెప్పింది. ఏ ఊరికి పోతారని మేజిస్ట్రేటు అడిగారు.

"మేస్త్రీ యాడ దింపితే ఆడే సామీ," అంది తల్లి. మేస్త్రీ అంటే కూలీలను కుదుర్చుకుని లారీలో తీసుకుపోయేవాడు.

ఆయన కలం అందుకుని, వాళ్లు దిగిన చోటికి దగ్గరున్న ప్రొబేషన్ అధికారికి కనబడితే చాలని షరతు మార్చారు. పిల్లవాడు తల్లితోనే లారీ ఎక్కాడు. ఆ ఒక్క మాట అడగడానికి చట్టం మారేదాకా ఆగాలా అని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.