వెనక సీటుకు ఇచ్చిన నీళ్లు

దయ్యాల ముచ్చట మొదలైతే చాయ్ తాగేసి లేచి వచ్చే రకం నేను. కంచన్‌బాగ్‌లో లోహపు విడిభాగాలు కొలిచి చూసే ఉద్యోగం నాది. గేజీకి అందనిది ఉన్నదంటే ఒప్పుకోను. ఇప్పుడు చెప్పేది గేజీకి అందలేదు, కానీ జరిగింది.

మా తమ్ముడు రాజు ఒమన్‌లో, సలాలాలో పని చేస్తాడు. ఒక ఎండాకాలం పరంజా మీంచి పడ్డాడు. రెండు చేతులూ విరిగాయి, తలకు దెబ్బ తగిలి స్పృహ పోయింది. నేను, నా భార్య సునీత మస్కట్ దాకా విమానంలో వెళ్లాం. అక్కడి నుంచి సలాలాకు టికెట్లు దొరకలేదు. ఆగే ఓపిక లేక కారు అద్దెకు తీసుకుని తెల్లారుతుండగా బయలుదేరాం. వాడు ప్రాణంతో ఉండగా చేరితే చాలనుకున్నాను.

అంతా ఎడారి రోడ్డు. అక్కడ బంకులో కారు దిగే పని లేదు. వాళ్లే పెట్రోల్ కొట్టి, అద్దం తుడుస్తారు. ట్యాంకు నింపించుకుంటే మనిషికో నీళ్ల బాటిల్ ఇస్తారు. నేను మాత్రం దిగాను. మలక్‌పేటలో మీటరు మీద సున్నా చూడకుండా ఏనాడూ పెట్రోల్ పోయించుకోలేదు, పరాయి దేశమైనంత మాత్రాన ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? బంకులో ఉన్న గడ్డం పెద్దాయన నవ్వి, "దేఖో భాయ్, జీరో" అన్నాడు.

దిగాను కాబట్టే మిగతాది చూశాను. ఆయన సునీతకు రెండు బాటిళ్లు ఇచ్చి, వెనక అద్దంలోంచి తొంగిచూశాడు. "పీఛే సాబ్ సో రహే" అని, వెనక సారు నిద్రపోతున్నాడన్నట్టు గొంతు తగ్గించి, మూడోది నా చేతిలో పెట్టాడు. వెనక సీట్లో మా బ్యాగు తప్ప ఏమీ లేదు. ఎండకు ఆయన కళ్లు బైర్లు కమ్మాయనుకుని బాటిల్‌ను వెనక పడేశాను.

తర్వాతి బంకులో ఇంకో మనిషి. అతనూ మూడు ఇచ్చాడు. "పీఛే వాలే కో భీ" అన్నాడు, వెనకాయనకూ ఒకటని.

"గీయనకు గూడ కనవడ్తుండా ఏందండీ?" అంది సునీత. ఆ బాటిల్‌ను మెల్లగా వెనక సీట్లో పెట్టింది. మళ్లీ అటు తిరిగి చూడలేదు. నేను అద్దం సరిచేసుకునే వంకతో చూస్తూనే ఉన్నాను. బ్యాగే కనిపించింది.

సలాలాకు ముందు వచ్చిన చివరి బంకులో రెండే ఇచ్చారు. "ఔర్ ఏక్?" అని ఇంకోటి నేనే అడిగాను. అతను లోపలికి చూసి, "ఆప్ దో హీ హై నా?" అన్నాడు, మీరిద్దరే కదా అని.

తమ్ముడు పోయాడనుకున్నాను. సునీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మిగిలిన దారి ఎలా నడిపానో గుర్తు లేదు.

ఆసుపత్రికి చేరేసరికి రాజు బతికే ఉన్నాడు. మేము చేరడానికి కాస్త ముందే కళ్లు తెరిచాడట. నన్ను చూసి గొంతు పెగుల్చుకుని, "అన్నా, మస్తు దూపయితుంది. రెండు బాటిళ్లు నా పక్కకే పెట్టిండ్రు గదా, మూత తియ్యరాలే నాకు" అన్నాడు.

చేతులు రెండూ కట్లలో ఉన్నాయి. బాటిళ్ల సంగతి మేము ఎవరికీ చెప్పలేదు. సునీత పరుగున వెళ్లి కారులోంచి ఆ రెండూ తెచ్చింది. మూతలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. నర్సు సరేనన్నాక చెంచాతో తాగించింది.

తలకు దెబ్బ తగిలితే ఏవేవో కలలు వస్తాయన్నాడు డాక్టరు. కావచ్చు. మరి ఆ బంకుల్లోని ఇద్దరికి ఏ దెబ్బ తగిలింది? నాకు ఇప్పటికీ తెలియదు. రాజుకైతే ఆ మాట అన్నట్టే గుర్తు లేదు.

ఇప్పటికీ మలక్‌పేట బంకులో దిగి సున్నా చూస్తాను. ఆ తర్వాత వెనక సీటు కూడా చూస్తాను. దూర ప్రయాణమైతే సునీత అక్కడ ఒక నీళ్ల బాటిల్ పెడుతుంది. మూత కొంచెం వదులు చేసి పెడుతుంది.