నలభై రెండు పాదాలు

పెరీన్ లూబియేర్ పందొమ్మిదేళ్ల పాటు రాణుల పక్కన నిలబడింది. పారిస్ నాటకశాలలో విషాద నాటకం ఆడాలంటే రాణి ఉండాలి, రాణి తన గుండెలో మాట చెప్పుకోవడానికి ఎదురుగా ఒక చెలికత్తె ఉండాలి. ఆ చెలికత్తె పెరీన్. "అయ్యో, దేవీ!", "ఏమంటున్నారు దేవీ?", "అదుగో, రాజుగారు వస్తున్నారు!" ఈ మూడు మాటలు అటూ ఇటూ తిప్పి చెబుతూనే నలభై రెండేళ్ల వయసుకి వచ్చేసింది.

ఆమె ఆంజూ ప్రాంతపు పిల్ల. తండ్రి అవిసెనార దువ్వేవాడు. పదిహేడేళ్లప్పుడు ఊళ్లోకి వచ్చిన నాటకాల బండి వెంట వెళ్లిపోయింది. గొంతు బాగుందని అందరూ మెచ్చుకున్నారు కానీ ఆమెది గుండ్రటి ముఖం, పొట్టి మెడ. "ఈ ముఖానికి కిరీటం పెడితే జనం నవ్వుతారు" అన్నాడు బృందం పెద్ద. ఆ మాట అప్పుడు పడింది, మళ్లీ ఎవరూ దాన్ని తిరగదోడలేదు.

భర్త మతురాన్ అదే నాటకశాలలో కొవ్వొత్తుల పని చేసేవాడు. అంకానికీ అంకానికీ మధ్య దీపాల చట్రాలు కిందికి దించి, కాలిన వత్తులు కత్తిరించి, మళ్లీ పైకి లాగేవాడు. వాళ్లున్న ఇంట్లోనే కింది వాటాలో ఓబ్రాక్ అనే కవి అద్దెకుండేవాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ జలుబు. చలికాలంలో పెరీన్ క్యాబేజీ సూప్ కాస్తే గిన్నె పట్టుకుని పైకి వచ్చేవాడు.

అలా వచ్చిన ఒక రోజు తన కొత్త నాటకం ముందుకి సాగడం లేదని మొత్తుకున్నాడు. "అయిదో అంకంలో త్రేస్ దేశపు రాణి చచ్చిపోవాలి పెరీనమ్మా. వేదిక మీద చావకూడదు, అది మర్యాద కాదు. ఎవరో ఒకరు వచ్చి ఎలా చచ్చిపోయిందో చెప్పాలి. ఏం చెప్పించినా చప్పగా ఉంటోంది."

పెరీన్ గరిటె పక్కన పెట్టి తన తల్లి ఎలా పోయిందో చెప్పింది. బావి దగ్గర నీళ్లు తోడుతూ కుప్పకూలిపోయింది. చేద లోపలికి జారిపోయింది, తాడు మాత్రం చేతికి చుట్టుకుని ఉంది. ఇంటి కుక్క ఆ చేతిని నాకుతూ కూర్చుంది. ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు, కన్నకూతుర్ని కూడా. "అది నన్ను చూసి పళ్లు బయటపెట్టింది బాబూ. అప్పుడు తెలిసింది నాకు, అమ్మ ఇక లేదని."

ఓబ్రాక్ సూప్ తాగకుండానే కిందికి పరిగెత్తాడు. వారం తిరక్కుండా నలభై రెండు పద్యపాదాలు పట్టుకొచ్చాడు. రాణి బావి దగ్గర విషం తాగుతుంది. చేద, తాడు, కుక్క, అన్నీ ఉన్నాయి. "ఇవి చెలికత్తె చెబుతుంది. నువ్వే చెప్పాలి" అన్నాడు.

నలభై రెండు పాదాలు! పెరీన్ వాటిని రెండు రోజుల్లో నోటికి తెచ్చుకుంది. బట్టలుతుకుతూ చెప్పింది, రొట్టెకి వెళ్లి వరసలో నిలబడి చెప్పింది. "నిద్దట్లో కూడా చచ్చిపోతోంది మీ రాణి, నన్ను కాస్త పడుకోనివ్వవే" అని మతురాన్ గొడవ పెట్టాడు. కానీ పొద్దున్నే కాగితం పట్టుకుని తప్పులు చూసింది కూడా అతనే.

కోతలు మొదటి సాధన రోజు నుంచే మొదలయ్యాయి. నాటకాన్ని ముందుగా విన్న పండితులెవరో చేద అనేది వంటింటి మాట, విషాద నాటకంలో వినపడకూడదన్నారట. చేద పోయింది. చేద లేకపోయాక తాడు ఎందుకన్నారు. తాడు పోయింది. తర్వాత రాణి వేషం వేసే దెగ్రాంజ్ ముక్కు ఎగరేసింది. పొడుగాటి మనిషి, ఆవిడ కనుబొమ్మ పైకి లేస్తే బృందమంతా కిందికి చూసేది.

"నేను లోపలికి వెళ్లాక ఇదొచ్చి ఇంతసేపు మాట్లాడుతుందా? అప్పటికి జనం నన్ను మర్చిపోతారు!"

"మీ గురించే కదండీ చెప్పేది" అంది పెరీన్.

"నా గురించి నేను చెప్పుకోగలనే తల్లీ. నువ్వు నా గౌను అంచు పట్టుకుంటే చాలు."

ఓబ్రాక్ తుమ్మాడు, తల గోక్కున్నాడు, కలం తీశాడు. తొలి ప్రదర్శన నాటికి నాలుగు పాదాలు మిగిలాయి. కుక్క కూడా పోయింది. పెరీన్ ఇంటికొచ్చి గిన్నెలు ఎంత గట్టిగా తోమిందంటే కింది వాటాలోంచి కవి కర్రతో కప్పుని పొడిచాడు.

ప్రదర్శన మధ్యాహ్నం. ఆ రోజు వాన, అయినా నేల తరగతి కిక్కిరిసింది. వేదిక మీదే రెండు పక్కలా బల్లల మీద ప్రభువులు కూర్చున్నారు, కాళ్లు చాపుకుని, విగ్గులు సర్దుకుంటూ. అయిదో అంకంలో దెగ్రాంజ్ ఏడుస్తూ లోపలికి వెళ్లింది. పెరీన్ ముందుకొచ్చి తన నాలుగు పాదాలు చెప్పింది. రాజు వేషంలో ఉన్న దెలోర్మ్ జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు.

పెరీన్ ఆగలేదు. అయిదో పాదం అందుకుంది. దెలోర్మ్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. చేద వచ్చింది, నేల తరగతిలో ఎవరో కిసుక్కుమన్నారు. తాడు వచ్చింది. కుక్క రాగానే బల్ల మీద మార్కీస్ బిరుదున్న ఒక కుర్ర ప్రభువు "భౌ! భౌ!" అన్నాడు. శాలంతా గొల్లున నవ్వింది.

పెరీన్ కుక్క అన్న పాదాన్ని మళ్లీ మొదట్నుంచి, ఈసారి మెల్లగా, ఆ కుర్రాడి ముఖంలోకి చూస్తూ చెప్పింది. అతను మళ్లీ మొరగబోతే నేల తరగతిలోంచి ఒక మాంసం కొట్టువాడు "నోరుముయ్యి, ఆవిడని చెప్పనీ!" అని అరిచాడు. ముప్పయ్యో పాదానికి దగ్గులు ఆగిపోయాయి. నలభై రెండోది అయ్యేసరికి పైన దీపాల తాడు పట్టుకున్న మతురాన్ కళ్లు తుడుచుకోవడం మర్చిపోయాడు. ఆ తర్వాత చప్పట్లు.

మర్నాడు బృందం సమావేశమైంది. దెగ్రాంజ్ రెండు గంటలు అరిచింది. పెరీన్ తలవంచుకుని అన్నీ పడింది, ఎందుకంటే ఓబ్రాక్ నవ్వుతున్నాడు, అతను తన వైపే ఉన్నాడనుకుంది.

"ఊరంతా ఆ వర్ణన గురించే మాట్లాడుతోంది. మొత్తం పెట్టేద్దాం" అన్నాడు. పెరీన్ తలెత్తింది. "కాకపోతే, అవి దెలోర్మ్ చెబుతాడు."

"ఏంటీ?"

"కోప్పడకు పెరీనమ్మా. నమ్మశక్యంగా ఉండాలి, అది నియమం. యజమానురాలు పోయిన దుఃఖంలో ఉన్న ఆడది నలభై పాదాలు ఎలా మాట్లాడుతుందని పండితులు అడుగుతున్నారు. గొంతు పెగలదు కదా? రాజైతే గంభీరంగా చెబుతాడు."

"మా అమ్మ పోయినప్పుడు నేను మూడు రోజులు ఆపకుండా మాట్లాడాను" అంది పెరీన్. "పాతిపెట్టే దాకా మాట్లాడుతూనే ఉన్నాను. నమ్మకపోతే మా ఊరు వెళ్లి అడుగు. నా నోట్లోంచి తీసుకుని రాసుకున్నావు, ఇప్పుడు నాకు గొంతు పెగలదంటావా?"

"అది జీవితం. ఇది నాటకం."

"మరి నేనేం చెయ్యాలి?"

"నువ్వు పక్కనే ఉంటావుగా. 'అయ్యో, దైవమా!' అంటావు. రెండుసార్లు."

దెలోర్మ్ చెడ్డవాడు కాదు. బయటికొచ్చాక ఆమె మోచెయ్యి పట్టుకుని "నేనడగలేదక్కా" అన్నాడు. పెరీన్ చెయ్యి విదిలించుకుంది. అతన్ని తిట్టడానికి కూడా కారణం దొరక్కపోవడం ఆమెకి మరీ ఒళ్లు మండించింది.

ఆ నాటకం పద్ధెనిమిది సార్లు ఆడింది. పద్ధెనిమిది సార్లూ పెరీన్ పక్కన నిలబడి తన తల్లి చావుని దెలోర్మ్ నోట వింది. అతను కుక్క బదులు 'నమ్మిన నేస్తం' అనేవాడు. చేద బదులు 'పాత్ర'. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. పెరీన్ సమయానికి "అయ్యో, దైవమా!" అనేది, ఆ రెండు మాటలూ పళ్ల బిగువున బయటికి వచ్చేవి. ఓబ్రాక్ సూప్ కోసం పైకి రావడం మానేశాడు. వచ్చుంటే ఆమె గిన్నె నింపేదో, అతని నెత్తిన బోర్లించేదో ఆమెకే తెలియదు.

ఈస్టర్‌కి ఒప్పందాలు తిరగరాసే సమయంలో ఆమె సంతకం పెట్టలేదు. మతురాన్ కత్తెర మూట కట్టుకుని ఆమె వెంట నడిచాడు. ఆంజూ వైపు తిరిగే ఒక చిన్న బృందంలో చేరారు. అక్కడ మనుషులు తక్కువ కాబట్టి ఆమెకి రాణి వేషాలు కూడా వచ్చాయి, పొట్టి మెడ గురించి ఎవరూ మాట్లాడలేదు. కానీ ఆ నాటకం వేసినప్పుడల్లా ఆమె చెలికత్తె వేషమే అడిగి తీసుకుని, కుక్కతో సహా నలభై రెండు పాదాలూ తనే చెప్పేది. సోమ్యూర్‌లో ఒక బడిపంతులు అచ్చుపుస్తకం ఒళ్లో పెట్టుకుని వేలితో వరసలు చూసుకుంటూ విన్నాడు. అయ్యాక లేచి, "తప్పులు చాలా ఉన్నాయమ్మా. ఇవి రాజుగారి మాటలు. కుక్క అసలు లేనే లేదు" అన్నాడు. ఆమె అతనితో వాదించడానికి వేదిక దిగింది. అతను పుస్తకం తెరిచి చూపించాడు. అందులో అలాగే ఉంది.

యాభై ఎనిమిదో ఏట ఊపిరితిత్తులు పాడై లా ఫ్లెష్‌లో మంచం పట్టింది. ఫాదర్ వచ్చాడు. నాటకాలాడటం పాపమని చర్చి మాట, ఆ వృత్తిని వదిలేశానని కాగితం మీద సంతకం పెడితేనే చర్చి శ్మశానంలో చోటు. పెరీన్ పెట్టనంది. "ఏం పాపం చేశానని? జీవితమంతా పక్కన నిలబడ్డాను, అంతేగా!"

మతురాన్ మంచం అంచున కూర్చున్నాడు. "నన్ను ఎలాగూ అక్కడే పెడతారే. కొవ్వొత్తుల వాడికి ఏ పాపమూ లేదట. నువ్వొక చోటా నేనొక చోటా ఏంటే?" అన్నాడు.

ఆమె చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకుంది. తర్వాత కలం అడిగింది. ఎంత ఒత్తి సంతకం పెట్టిందంటే కాగితం చిరిగి, ఫాదర్ ఇంకొకటి రాసుకురావలసి వచ్చింది. ఆ రెండోదాని మీద కూడా పెట్టింది, ఆయన్ని నోరారా తిడుతూనే.